షూరా మండలికి శాసనాధికారం
ఈజిప్టులో ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం తలెత్తిన వివాదం

షూరా అనే పదం ముస్లిములకు కొత్తది కాదు. మస్జిద్ కమిటీ మొదలుకొని మద్రసా నిర్వాహక వర్గం వరకు ఈ పేరు వినబడుతూనే ఉంటుంది. అయితే సంప్రదింపు కోసం ఏర్పడిన ఒక సభ దేశమంతటికీ చట్టాలు చేయవచ్చునా? ప్రజలు ఒక పనికి ఎన్నుకున్న వారికి మరొక పని అప్పగించవచ్చునా? 2012 డిసెంబరులో ఈజిప్టు ప్రజలు కొత్త రాజ్యాంగంపై ఓటు వేసిన తర్వాత ఆ దేశాన్ని ఆరు మాసాల పాటు కలవరపెట్టిన ప్రశ్నలు ఇవే.

వివాదానికి పూర్వరంగం

ఈజిప్టులో మజ్లిసుష్షూరా 1980లో, అన్వర్ సాదాత్ కాలంలో, రాజ్యాంగ సవరణ ద్వారా ఏర్పడింది. చట్టాలు చేసే ప్రధాన బాధ్యత ప్రజాసభది; షూరా మండలి పని ముఖ్యంగా సలహా చెప్పడం. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో రద్దయి 2007లో తిరిగి ఏర్పడిన శాసన మండలిని చూసిన తెలుగు పాఠకులకు ఈ రెండు సభల తేడా సులభంగానే బోధపడుతుంది.

2011 ఫిబ్రవరి 11న హుస్నీ ముబారక్ పదవి నుండి వైదొలిగాడు. ఆ తరువాత జరిగిన ఎన్నికలలో ప్రజాసభకు సగానికి పైగా ఓటర్లు ఓటు వేశారు. 2012 జనవరి, ఫిబ్రవరి మాసాలలో జరిగిన షూరా మండలి ఎన్నికలకు వచ్చిన వారు మాత్రం సుమారు పదింట ఒక వంతే. సలహా సభ కదా అని జనం అంతగా పట్టించుకోలేదు. రెండు సభలలోనూ ఇఖ్వానుల్ ముస్లిమూన్ వారి పార్టీ మొదటి స్థానంలోను, సలఫీల నూర్ పార్టీ రెండవ స్థానంలోను నిలిచాయి.

2012 జూన్ 14న అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానం ప్రజాసభ ఎన్నికల చట్టం చెల్లదని తీర్పు చెప్పింది. సభ రద్దయింది. జూన్ 30న అధ్యక్ష పదవి స్వీకరించిన ముహమ్మద్ ముర్సీ జూలైలో ఆ సభను తిరిగి సమావేశపరచబోగా న్యాయస్థానం అడ్డుకుంది. ఆగస్టులో ఆయన సైనిక మండలి చేతిలోని శాసనాధికారాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఈ విధంగా చట్టం చేయడం, అమలు జరపడం రెండూ ఒకే వ్యక్తి చేతిలోకి వచ్చాయి.

చీలిక తెచ్చిన ఓటు

నవంబరు 22న ముర్సీ ఒక రాజ్యాంగ ప్రకటన వెలువరించాడు. తన నిర్ణయాలను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదని, రాజ్యాంగ రచనా సభను గాని షూరా మండలిని గాని రద్దు చేయరాదని అందులో ఉంది. దేశం రెండుగా చీలింది. అప్పటికే చర్చి ప్రతినిధులు, ఉదారవాదులు రచనా సభ నుండి తప్పుకున్నారు. అయినా ఆ నెలాఖరుకు ముసాయిదా ముగిసింది. అనేక మంది న్యాయమూర్తులు పోలింగు పర్యవేక్షణకు నిరాకరించడంతో డిసెంబరు 15న, 22న రెండు విడతలుగా ఓటింగు జరపవలసి వచ్చింది.

ఓటు వేసిన వారిలో 63.8 శాతం అవునన్నారు. అయితే ఓటు వేసినవారే 32.9 శాతం. అంటే నమోదైన ఓటర్లలో అవునన్న వారు దాదాపు ఐదింట ఒక వంతు. 27 గవర్నరేట్లలో 24 సమ్మతించగా రాజధాని కైరో, గర్బియా, మునూఫియా తిరస్కరించాయి.

ఈ రాజ్యాంగంలోని 230వ అధికరణమే తర్వాతి వివాదానికి కేంద్రం. కొత్త ప్రతినిధుల సభ సమావేశమయ్యే వరకు పూర్తి శాసనాధికారం షూరా మండలికి ఉంటుందని అది నిర్దేశించింది. మండలి సభ్యులు 270 మంది. వారిలో 180 మంది ఎన్నికైనవారు. మిగిలిన 90 మందిని అధ్యక్షుడు డిసెంబరులోనే నియమించాడు.

ఉభయ పక్షాల వాదనలు

మండలిని సమర్థించిన వారు మూడు మాటలు చెప్పారు. మొదటిది, ఈ ఏర్పాటు లేకుంటే శాసనాధికారం అధ్యక్షుని ఒక్కడి వద్దనే ఉండిపోతుంది. దానిని ఒక సభకు బదలాయించడం అధికారాన్ని తగ్గించుకోవడమే గాని పెంచుకోవడం కాదు. రెండవది, 230వ అధికరణం రాజ్యాంగంలో భాగం. రాజ్యాంగాన్ని ప్రజలు ఆమోదించారు. ఓటుకు రాని వారిని వ్యతిరేకుల లెక్కలో వేయడం న్యాయం కాదు. మూడవది, ఇది తాత్కాలికం.

వ్యతిరేకుల వాదన వేరు. ముహమ్మద్ అల్ బరాదయీ, హమ్దీన్ సబాహీ, అమ్ర్ మూసా వంటి నాయకుల జాతీయ విమోచన కూటమి వీరిలో ముందు నిలిచింది. సలహాకని పంపిన ప్రతినిధి చట్టం చేయడానికి వకీలు కాజాలడని వారన్నారు. 236 అధికరణాల రాజ్యాంగానికి ఒక్క మాటలో అవును, కాదు చెప్పమంటే, అవునన్నవాడు ప్రతి అధికరణాన్నీ విడిగా ఒప్పుకున్నట్లా? అరాచకం తొలగి దేశం కుదుటపడితే చాలుననుకుని ఓటు వేసిన వారూ ఉన్నారు. తాత్కాలిక సభ అయితే ఎన్నికల చట్టం వంటి అత్యవసరమైన పనులతో ఆగిపోవాలి గాని, దేశ వ్యవస్థలను మార్చే చట్టాల జోలికి పోరాదు.

ఈ చివరి మాటలోనే అసలు సమస్య ఉంది. ఒక సభకు అధికారం ఉండడం ఒకటి. ఆ అధికారాన్ని ఎంతవరకు వాడవచ్చునన్నది మరొకటి.

మూడు పరీక్షలు

మొదటి పరీక్ష ఎన్నికల చట్టం. కొత్త రాజ్యాంగం ప్రకారం ఆ ముసాయిదాను ముందుగా రాజ్యాంగ న్యాయస్థానానికి పంపాలి. 2013 ఫిబ్రవరిలో న్యాయస్థానం కొన్ని లోపాలు చూపి తిప్పి పంపింది. మండలి సవరణలు చేసింది గాని మరల న్యాయస్థానానికి చూపలేదు. మార్చి 6న పరిపాలనా న్యాయస్థానం ఎన్నికలను నిలిపివేసింది. ఫలితంగా తాత్కాలికమన్న మండలి గడువు తనంతట తానే పొడిగిపోయింది.

రెండవ పరీక్ష సుకూక్ చట్టం. షరీఅత్‌కు సంబంధించిన విషయాలలో అల్ అజ్హర్ పెద్ద ఉలమా మండలి అభిప్రాయం తీసుకోవాలని 4వ అధికరణం చెబుతున్నది. ఇస్లామీయ రుణపత్రాల చట్టాన్ని షూరా మండలి మార్చిలో అల్ అజ్హర్‌ను అడగకుండానే ఆమోదించింది. అల్ అజ్హర్ అభ్యంతరపెట్టింది. నూర్ పార్టీ కూడా పట్టుబట్టింది. చివరకు ముర్సీ ఆ చట్టాన్ని ఉలమాకు పంపగా, వారి సూచనలతో సవరించి మండలి మళ్లీ ఆమోదించింది. సంప్రదింపు పేరు గల సభే సంప్రదింపు మరచిపోవడం ఇక్కడ గమనించదగినది.

మూడవది న్యాయవ్యవస్థ చట్టం. న్యాయమూర్తుల పదవీ విరమణ వయస్సును 70 నుండి 60 ఏళ్లకు తగ్గించాలని ఏప్రిల్‌లో వసత్ పార్టీ ప్రతిపాదించింది. అది ఆమోదం పొందితే మూడు వేలకు పైగా న్యాయమూర్తులు ఒక్కసారిగా ఇంటికి పోవలసి వచ్చేది. సంస్కరణ అని ఒక వర్గం, ప్రతీకారమని మరొక వర్గం వాదించాయి. న్యాయశాఖ మంత్రి అహ్మద్ మక్కీ రాజీనామా చేశాడు.

2013 జూన్ 2న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వెలువడింది. షూరా మండలిని ఎన్నుకున్న చట్టం చెల్లదు. అయినా 230వ అధికరణం వల్ల కొత్త సభ వచ్చే వరకు మండలి కొనసాగవచ్చు. అంటే పునాది చెల్లదు గాని ఇల్లు నిలుస్తుందన్నమాట. ఇరుపక్షాలూ తామే గెలిచామని చెప్పుకోగల తీర్పు ఇది.

ధర్మశాస్త్ర దృష్టిలో

విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపుతో నడుపుకుంటారని షూరా సూరా 38వ ఆయత్ ప్రశంసిస్తుంది. ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ దైవప్రవక్త (స)నే సహచరులతో సంప్రదించమని ఆదేశిస్తుంది. ఆ సంప్రదింపు ఫలితం పాలకుణ్ణి బంధిస్తుందా, లేక తెలియజేయడంతో ముగుస్తుందా అన్నదానిపై ధర్మవేత్తలు భిన్నాభిప్రాయులు. నిశ్చయించుకున్న పిమ్మట అల్లాహ్‌పై భారం వేయమన్న అదే ఆయత్‌లోని మాటను ఆధారంగా తీసుకుని తుది నిర్ణయం పాలకునిదేనని కొందరన్నారు. బంధిస్తుందని చెప్పిన ఆధునికులలో ముహమ్మద్ అసద్ ముఖ్యుడు.

వీరు చూపే నిదర్శనం ఉహుద్. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బయటకు వెళ్లాలని యువకులు ఉత్సాహపడ్డారు. ఆయన వారి మాట మన్నించారు. తీరా కవచం ధరించి వచ్చేసరికి వారే పశ్చాత్తాపపడి నిర్ణయం మార్చుకోవచ్చునన్నారు; ఆయన అంగీకరించలేదు. నిర్ణయం నిర్ణయమే. ఆ యుద్ధంలో ముస్లిములకు తీవ్ర నష్టం కలిగింది. అయితే సంప్రదించమన్న ఆదేశం వచ్చింది ఆ నష్టం తరువాతనే, ఉహుద్‌ను గురించిన ఆయత్‌ల మధ్యనే. ఒకసారి సంప్రదించి నష్టపోయినా సంప్రదింపు మానరాదని ముఫస్సిర్లు దీనినుండి గ్రహించారు.

ఈజిప్టులో ఉభయ పక్షాలూ ఈ పాఠంలో చెరొక సగమే పట్టుకున్నాయి. ఓటు ముగిసింది కనుక నిర్ణయం మార్చరాదని గెలిచినవారు అన్నారు. ఓటు తర్వాత కూడా సంప్రదింపు సాగాలన్న మాటను తక్కువగా తలచారు. సంప్రదింపు లేదని ఓడినవారు అన్నారు. తీరిన నిర్ణయానికి గల బరువును ఒప్పుకోలేదు. 2013 జూలై 3న సైన్యం ముర్సీని తొలగించి రాజ్యాంగాన్ని పక్కన పెట్టింది. రెండు రోజులకు షూరా మండలి రద్దయింది. 2014 జనవరి రాజ్యాంగంలో దానికి చోటు లేదు. ఆ రాజ్యాంగంపై ఓటుకు వచ్చినవారు 38.6 శాతం, వారిలో అవునన్నవారు 98.1 శాతం. 2019 సవరణలతో సెనేటు పేరిట రెండవ సభ తిరిగి వచ్చింది గాని అది సలహాకే పరిమితం.

63.8 శాతం ఓటుతో దేశం చీలింది. 98.1 శాతం ఓటు వచ్చేసరికి వీధులలో గాని సభలో గాని వాదించుకోవడానికి చోటే మిగలలేదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, సభలో జరిగే కలహం సభ లేకపోవడం కంటె ఎంత మేలో తెలుస్తుంది.