అర్ధరాత్రి దాటాక దెయ్యం క్యాసెట్‌!
వీడియో రోజులను మరువని ఉప్పల్‌, నాచారం

ఉప్పల్‌: నడిమింట్లో టీవీ. పక్కన అద్దెకు తెచ్చిన వీసీఆర్‌. కింద చాపలు. వాడకట్టు అంతా ఒక్క ఇంట్లోనే. మొదటి సినిమా దేవుడిది. రెండోది అభిమాన హీరోది. పెద్దలు కునుకు తీశాక మూడో క్యాసెట్‌ బయటికి వచ్చేది. అదే దెయ్యం సినిమా! పడుకోమని గదమాయించినా పిల్లలు దుప్పటి సందులోంచి చూసేవారు. 1980వ దశకంలో ఉప్పల్‌, నాచారం ప్రాంతాల్లో పెరిగినవారికి ఇది తెలియని ముచ్చట కాదు.

రాత్రికి అద్దె, తెల్లవారితే వాపసు

ఆనాడు ఈ ప్రాంతం పూర్తిగా పట్నమూ కాదు, పల్లె కూడా కాదు. పారిశ్రామికవాడల్లో పనికోసం ఊళ్ల నుంచి వచ్చినవారు ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. గల్ఫ్‌ దేశాలకు వెళ్లినవారు వీసీఆర్‌లు వెంట తెచ్చారు. కొనే స్తోమత లేనివారికి వీడియో లైబ్రరీలే దిక్కయ్యాయి. టీవీ, వీసీఆర్‌, క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు ఇచ్చేవారు. పదిమంది చందా వేసుకుంటే సరిపోయేది. పొద్దున్నే వాపసు ఇవ్వాలి కనుక ఒక్క రాత్రిలోనే మూడు నాలుగు సినిమాలు చూసేవారు. నడుమ కరెంటు పోతే దెయ్యం కూడా ఆగాల్సిందే!

గేటు దగ్గర ఆపారు... ఇంట్లో ఎవరు ఆపాలి?

సినిమా హాలులో ఆడే ప్రతి చిత్రానికీ 1952 నాటి సినిమాటోగ్రాఫ్‌ చట్టం ప్రకారం సెన్సారు సర్టిఫికెట్‌ ఉండాలి. ‘ఎ’ సర్టిఫికెట్‌ అంటే పెద్దలకు మాత్రమే. 1983లో పెద్దల తోడుతో పిల్లలు చూడదగిన ‘యు/ఎ’ తరగతి కూడా వచ్చింది. బోర్డు అభ్యంతరం చెప్పిన దృశ్యాలను నిర్మాత కత్తిరించి, ఆ ముక్కలను బోర్డుకే అప్పగించాలి.

రాంసే సోదరుల హిందీ చిత్రాలు ‘పురానా మందిర్‌’ (1984), ‘వీరానా’ (1988) అప్పట్లో భయపెట్టే సినిమాలకు పెట్టింది పేరు. యండమూరి వీరేంద్రనాథ్‌ నవల ఆధారంగా 1986లో తెలుగులో ‘కాష్మోరా’ వచ్చింది. ‘ఎ’ బొమ్మ ఆడుతుంటే హాలు గేటు దగ్గర పిల్లలను ఆపేందుకు మనిషి ఉండేవాడు. ఇంట్లో వీసీఆర్‌ దగ్గర ఆపేవాడెవడు? తెలియని వయసులో చూసి, రాత్రిళ్లు ఒంటరిగా వాకిట్లోకి వెళ్లడానికి జంకిన పిల్లలెందరో!

‘సెన్సారు కోసిన సీన్లు ఇందులో ఉన్నాయట’ అనే మాట ఒక్కటి చాలు, ఆ క్యాసెట్‌కు గిరాకీ పెరిగేది. నిజానికి మన చిత్రాల క్యాసెట్లలో చాలామటుకు హాలులో ఆడిన బొమ్మే ఉండేది. కాపీకి కాపీ తీయడంతో రంగు వెలిసి, గీతలు పడి, మనిషి ఎవరో దెయ్యం ఎవరో పోల్చుకోవడమే కష్టమయ్యేది. దొంగచాటుగా వచ్చిన విదేశీ చిత్రాల సంగతి వేరు. అవి మన సెన్సారు గడప తొక్కనే లేదు.

ఈ దొంగ కాపీలను అరికట్టేందుకు 1984లో కాపీరైట్‌ చట్టాన్ని సవరించారు. క్యాసెట్‌పైనా, బొమ్మలోనూ సెన్సారు సర్టిఫికెట్‌ నకలు చూపాలన్నారు. కాపీరైట్‌ ఉల్లంఘనకు కనీసం ఆరు నెలల జైలు, 50 వేల రూపాయల జరిమానా విధించవచ్చని శాసించారు.

నాచారానికి సెన్సారు కొత్త కాదు

నాచారంలో రామకృష్ణ స్టూడియో నెలకొల్పిన ఎన్‌.టి.రామారావుకే సెన్సారు చిక్కు తప్పలేదు. ఆయన నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘శ్రీమద్విరాట్‌ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సెన్సారు అభ్యంతరాలతో చాలాకాలం ఆగిపోయింది. చివరకు ఆయన ముఖ్యమంత్రి అయ్యాక, 1984 నవంబరు 29న విడుదలైంది. అది దెయ్యం సినిమా కాదు. అయినా ‘ఆపిన బొమ్మలో ఏముందో’ అన్న ఆత్రం మాత్రం ఒకటే.

క్యాసెట్లు ఇళ్లలోకి రావడంతో ఇతర దేశాలూ కలవరపడ్డాయి. బ్రిటన్‌లో 1984లోనే వీడియో క్యాసెట్లకు సర్టిఫికెట్‌ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. ‘ఎగ్జార్సిస్ట్‌’ అనే ప్రసిద్ధ దెయ్యం సినిమా వీడియోకు 1999 దాకా అక్కడ సర్టిఫికెట్‌ దొరకలేదు.

క్యాసెట్‌ చూసి భయపడిన తరంలోంచే భయపెట్టేవారూ పుట్టారు. మన నగరంలోనే అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన రామ్‌గోపాల్‌వర్మ 1989లో ‘శివ’తో దర్శకుడయ్యారు. 1992లో రేవతి నటించిన ‘రాత్రి’, 1996లో ‘దెయ్యం’ తీసి తెలుగు ప్రేక్షకులను వణికించారు.

పెట్టెలో మిగిలిన జ్ఞాపకం

వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్‌, 2016లో ఆ పని మానేసింది. ఈ రోజు ఏ సినిమా అయినా సెల్‌ఫోన్‌లో దొరుకుతుంది. ఎవరికి వారే చూసుకుంటున్నారు. పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని అరిచే అవకాశం మాత్రం లేదు. పాత అభిమానులు వెతుక్కునేది సెన్సారు కోసిన సీన్లను కాదు, ఆ చాపలను, ఆ జాగారాన్ని!

అయితే ఒక జాగ్రత్త. దెయ్యం సినిమా ఉన్న అటకమీద పెట్టెలోనే మన ఇంటి పెళ్లి క్యాసెట్‌ కూడా ఉండవచ్చు. తేమ తగిలితే టేపుకు తెల్లగా బూజు పడుతుంది. అలాంటిదాన్ని నేరుగా వీసీఆర్‌లో పెడితే టేపూ, యంత్రమూ రెండూ పాడవుతాయి. క్యాసెట్లను ఎండ, తేమ తగలని చోట నిలబెట్టి ఉంచాలి. వీలైనంత త్వరగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. సినిమా మళ్లీ ఎక్కడైనా దొరకవచ్చు. పెళ్లిపందిట్లో నవ్వుతూ తిరిగిన తాత మాత్రం ఆ ఒక్క టేపులోనే ఉన్నాడు.