ఖాళీ తూటా సాక్ష్యం: ఇత్తడి డొప్పల వైఫల్యమూ గోదావరి మన్యం చరిత్రా

వ్యాససంగ్రహం:
పేల్చిన తూటా మిగిల్చే ఇత్తడి డొప్పలలో ఏది నమ్మదగినది, ఏది పారవేయదగినది అన్నది పైకి గురికాల్పుల క్రీడాకారుల సాంకేతిక ప్రశ్నగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నకు లోహశాస్త్రం ఇచ్చే సమాధానం 1922–24 మన్యం తిరుగుబాటులోని ఆయుధ సమస్యను అర్థం చేసుకోవడానికీ, అడవి అంచు గ్రామాలలో కంటబడే ఖాళీ తూటాను చారిత్రకాధారంగా చదవడానికీ ఎలా తోడ్పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇత్తడి, తూటా, ప్రైమర్, వానాకాలపు పగుళ్లు, మన్యం తిరుగుబాటు, భద్రాచలం.

1. ప్రవేశిక:
ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దులో మౌఖిక చరిత్ర సేకరించేవారికి తుపాకి ప్రస్తావన లేని కథనం అరుదు. ఫితూరీల కాలం, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత గోదావరి అడవులకు చేరిన సాయుధ దళాల కాలం, ఆ తరువాతి దశాబ్దాలు అన్నీ ఆ నేల మీదుగానే నడిచాయి. కథనంలో తుపాకి ఉంటుంది. నేలలో మిగిలేది మాత్రం ఖాళీ తూటా. మన పరిశోధనలలో దాని మీద శ్రద్ధ తక్కువ.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. తెలుగులో ‘తూటా’ అన్న పదాన్ని దూసుకుపోయే గుండుకూ వాడుతున్నాం, గుండు, మందు, డొప్ప కలిసిన మొత్తం కార్ట్రిడ్జ్‌కూ వాడుతున్నాం. ఈ వ్యాసంలో తూటా అంటే మొత్తం వస్తువు. పేలిన తరువాత మిగిలే ఇత్తడి భాగాన్ని డొప్ప అనీ, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూతను ప్రైమర్ అనీ వ్యవహరిస్తాను.

2. డొప్ప చేసే పని:
తూటా డొప్పకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం తుత్తునాగం ఉంటాయి. గుండ్రని బిళ్లను అచ్చుల గుండా దశలవారీగా సాగదీసి గొట్టంగా మారుస్తారు. అడుగు భాగం మందంగా, గట్టిగా ఉండాలి. మూతి భాగం మెత్తగా ఉండాలి. పేలిన క్షణంలో గొట్టం ఉబ్బి తుపాకి గది గోడలకు అతుక్కుని వాయువు వెనుకకు రాకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని, బయటకు లాగడానికి వీలు కలిగిస్తుంది. ఉబ్బి మళ్లీ ముడుచుకునే ఈ గుణం వల్లనే ఇత్తడి శతాబ్దానికి పైగా తన స్థానం నిలబెట్టుకుంది.

ఈ స్థితికి రావడానికి ముందు కొన్ని అపజయాలున్నాయి. 1860లలో ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన బ్రిటిష్ తూటాకు పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన ఒళ్లు, ఇనుప అడుగు ఉండేవి. అదే పద్ధతిలో చేసిన మార్టినీ-హెన్రీ తూటాలు 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా యుద్ధంలో వేడెక్కిన తుపాకులలో ఇరుక్కుపోయాయి. ఆ తరువాతనే ఏకఖండంగా సాగదీసిన డొప్ప స్థిరపడింది.

3. నమ్మరాని డొప్పను గుర్తించడం:
పిస్తోలు, రివాల్వరు డొప్పలు చాలావరకు నిటారు గొట్టాలు. రైఫిల్ డొప్పతో పోలిస్తే వీటిమీద ఒత్తిడి తక్కువ కనుక ఎక్కువసార్లు నిలుస్తాయి. అయినా ప్రతి పేలుడుకూ ఇత్తడి ఉబ్బుతుంది, తిరిగి అచ్చులో నొక్కినప్పుడు కుంచించుకుంటుంది. తీగను పదేపదే వంచితే ఒకచోట పుటుక్కున తెగినట్టుగా, చల్లగా ఉండగానే మలచిన ఇత్తడి క్రమంగా గట్టిపడి పెళుసవుతుంది. మొదటి చీలిక సాధారణంగా మూతి దగ్గర, నిలువుగా వస్తుంది.

మూతి చీలిక వల్ల గుండు పట్టు సడలి గురి చెడుతుంది; ప్రాణాపాయం తక్కువ. అసలు ప్రమాదం అడుగున ఉంది. అడుగుకు కొంచెం పైన చుట్టూ వచ్చే మెరుపు గీత అక్కడ గోడ పలుచబడిందని చెబుతుంది. అక్కడ డొప్ప తెగితే వాయువు కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. ఇది రైఫిల్ డొప్పలలో ఎక్కువ. పిస్తోలు డొప్పలలో తరచుగా కనిపించేది ప్రైమర్ కూర్చునే గూడు వదులు కావడం. ప్రైమర్ చుట్టూ మసి కనిపించినా, ప్రైమర్ బిగువు లేకుండా లోపలికి జారినా ఆ డొప్పను నలగ్గొట్టి తుక్కులో వేయడమే పద్ధతి. తిరిగి వాడేవారు ఇక్కడ పొదుపు చూసుకోరు.

కంటికి అందని పగులును చెవి పట్టుకుంటుంది. సంతలో కుండ కొనేవారు వేలి కణుపుతో కొట్టి చూసినట్టే, నాలుగు డొప్పలను అరచేతిలో ఆడిస్తే పగిలినదాని చప్పుడు బోలుగా, బొంగురుగా వినిపిస్తుంది.

కంటికీ చెవికీ దొరకని దోషం పాదరసం. పాతకాలపు ప్రైమర్లలో మెర్క్యురీ ఫల్మినేట్ ఉండేది. పేలినప్పుడు విడుదలైన పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసుగా మారుస్తుంది. నల్లమందు కాలంలో మసి ఎక్కువగా ఉండి ఈ హాని కొంత మరుగున పడింది. పొగలేని మందు వచ్చాక చూడటానికి బంగారంలా మెరిసే డొప్పలే చిట్లిపోసాగాయి.

4. వానాకాలపు పగుళ్లు:
డొప్ప చెడటానికి పేలుడే అవసరం లేదు. దీనికి ప్రపంచ లోహశాస్త్రంలో ప్రసిద్ధికెక్కిన ఉదాహరణ మన దేశానిదే. బ్రిటిష్ ఇండియా సైన్యం వానాకాలంలో కదలికలు తగ్గించి, తూటాలను గుర్రపుశాలలలో నిలువచేసేది. వానలు వెలిశాక తీసి చూస్తే, ఒక్కసారి కూడా పేల్చని తూటాల డొప్పలు పగిలి కనిపించేవి. రుతువుతో పాటు వస్తున్నాయి కనుక వాటిని రుతు పగుళ్లు అన్నారు. కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా తేమతో కలిసి ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది. సాగదీసేటప్పుడు లోహంలో చిక్కుబడిన బిగువు ఆ బలహీనమైన చోటును చీలుస్తుంది. అమోనియా ఒక్కటే చాలదు, బిగువు ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. తయారీ చివర డొప్పను తక్కువ వేడిమీద కాచి ఆ బిగువును సడలించడమే విరుగుడు.

భద్రాచలం ప్రాంతపు వానలనూ పశువుల కొట్టాల ఘాటునూ ఎరిగినవారికి ఈ రసాయనం కొత్తగా తోచదు. కొట్టం చూరులో ఏళ్ల తరబడి దాచిన తూటా విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. క్షేత్రంలో తేడా తెలుసుకునే మార్గం ఒకటుంది: పేలుడులో చీలిన డొప్ప అంచుల వెంట వాయువు కారిన మసి చార ఉంటుంది, నిలువలో పగిలిన దానికి అది ఉండదు. అయితే దశాబ్దాలు నేలలో పడివున్న డొప్ప మీద మసి నిలవకపోవచ్చు కనుక ఈ గుర్తును ఒంటరిగా నమ్మకూడదు.

5. మన్యం తిరుగుబాటు, తూటాల లెక్క:
1922లో గోదావరి ఒడ్డు రెండు పాలనల సరిహద్దు. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, అవతలి ఖమ్మం ప్రాంతం నిజాం రాజ్యంలోనూ ఉండేవి. తూర్పున ఉన్న మన్యంలో ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసింది. మూడింటిలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయని ప్రసిద్ధమైన లెక్క. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించారు.

మన చరిత్ర రచనలు తుపాకుల సంఖ్య దగ్గర ఆగిపోతాయి. నా దృష్టిలో లెక్కించవలసినది తూటాలు. 2,500ను 26తో భాగిస్తే తుపాకికి వంద కంటే తక్కువే. 1879 రంపా ఫితూరీలో వాడిన నాటు తుపాకులకు గుండు, మందు స్థానికంగా సమకూర్చుకోవడం సాధ్యమే. తూటా తుపాకి పరిస్థితి వేరు. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు, డొప్పనూ ఏరుకోవచ్చు. ప్రైమర్ మాత్రం కర్మాగారం నుంచే రావాలి. పైగా అనేక సైనిక తూటాలలో వాడిన బెర్డాన్ పద్ధతిలో నిప్పు రంధ్రాలు రెండు, అవి పక్కలకు ఉంటాయి. నడుమ ఒకే రంధ్రం ఉండే బాక్సర్ పద్ధతి డొప్ప నుంచి ప్రైమర్‌ను నెట్టివేసినంత సులువుగా వీటినుంచి తీయలేరు. ఇంగ్లీషువాడైన బాక్సర్ పద్ధతి అమెరికాలోనూ, అమెరికావాడైన బెర్డాన్ పద్ధతి యూరప్‌లోనూ స్థిరపడటం చరిత్రలో ఒక వింత.

అంటే స్వాధీనమైన తుపాకి తూటాలున్నంత వరకే తుపాకి. కర్మాగారాలు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లోనూ, 1869లో నెలకొన్న పుణె సమీపపు కిర్కీలోనూ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. మలబార్ పోలీసులకూ, చివరి దశలో వచ్చిన అస్సాం రైఫిల్స్‌కూ సరఫరా ఆగలేదు. 1924 మే 7న రాజు మరణంతో ముగిసిన ఆ పోరాటంలో నాయకత్వం, గిరిజనుల మద్దతు, అణచివేత గురించి ఎంతో రాశాం. సరఫరా గురించిన అధ్యయనం ఇంకా మిగిలివుంది.

6. క్షేత్ర పరిశోధకులకు:
డొప్ప అడుగున చెక్కిన అక్షరాలు తయారీ స్థలాన్ని చెబుతాయి. ‘కె ఎఫ్’ అన్న ముద్ర కిర్కీది. ప్రైమర్ మీద పిన్ను గుంట, అడుగున గీతలు ఏ తుపాకిలో పేలిందో చెప్పగలవు. 1925 నాటికి అమెరికాలో కాల్విన్ గొడార్డ్ బృందం వాడుకలోకి తెచ్చిన పోలిక సూక్ష్మదర్శినితోనే ఈ పరీక్ష సాగింది. తిరిగి నింపిన డొప్ప మీద పాత తుపాకి గుర్తులు, అచ్చు గీతలు ఒకదానిమీద ఒకటి పడివుంటాయి కనుక ఈ పఠనం చిక్కవుతుంది. రివాల్వరు డొప్పలను తనలోనే ఉంచుకుంటుంది, పిస్తోలు బయటకు విసురుతుంది. కాబట్టి డొప్ప దొరకని చోట కాల్పులు జరగలేదని రాయకూడదు.

చట్టం విషయంలో ఏమరుపాటు తగదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 2 నిర్వచనంలో తూటా భాగాలు కూడా తూటాల కిందికే వస్తాయి. సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. దొరికిన వస్తువు ఖాళీదే అనుకుని చేతిలోకి తీసుకోకూడదు. పిన్ను గుంట పడినా పేలకుండా మిగిలిన తూటా ప్రమాదకరమైనది. గుండు ఊడిపోయి ప్రైమర్ సజీవంగా ఉన్న డొప్ప కూడా అంతే. కదిలించకుండా ఫొటో తీసి, చోటును, లోతును, నేల స్వభావాన్ని రాసుకుని స్థానిక పోలీసులకు తెలియజేయాలి.

ఇప్పటికే మ్యూజియంలోనో, కళాశాల ప్రదర్శనశాలలోనో చట్టబద్ధంగా ఉన్న పాత డొప్పలను చింతపండుతో తోమి మెరిపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పులుపు పైపొరలోని తుత్తునాగాన్ని లాగి ఎర్రని రాగి ఛాయను మిగులుస్తుంది. తోమేకొద్దీ అడుగు ముద్ర అరుగుతుంది. బజారులో దొరికే అమోనియా పాలిష్ మరీ హానికరం. మెత్తని పొడి బ్రష్‌తో మట్టి దులిపి, తేమ చేరని పెట్టెలో, దొరికిన చోటు రాసిన చీటీతో సహా ఉంచితే చాలు.