లెక్క తప్పని స్పానర్లు

హనుమకొండలో మా పక్కింటి తాతయ్య సైకిలు బాగుచేసినా సరే, పని కాగానే స్పానర్లన్నీ లెక్కపెట్టి పెట్టెలో సర్దేవారు. ఒకటి తగ్గిందా, ఆ పూట మా ఆటలు బంద్! వైమానిక దళంలో మిగ్-21 మెకానిక్‌గా అబ్బిన అలవాటది. ఇంజిన్‌లో మరిచిపోయిన చిన్న స్పానరు చాలు, విమానం కూలడానికి. తనిఖీ చేసినవాళ్లు ఫారం 700లో సంతకం పెట్టాలి. అది చూశాకే పైలట్ ఎక్కేది.

"పోయిన విమానం తిరిగొచ్చేదాకా ముద్ద దిగకపోయేది బిడ్డా" అనేవారు.

1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నర్ నివాసంపై మిగ్‌ల దాడి గురించి అందరూ చెప్పుకుంటారు. వాటిని సిద్ధంచేసిన చేతుల ఊసెవరెత్తుతారు?

1963లో వచ్చిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. చూడటానికి ఆయన లేరు. ఆ సాయంత్రం మనవరాలు పెట్టె తెరిచి, స్పానర్లు లెక్కపెట్టి, మళ్లీ మూసింది.