కుషింగు వ్యాధి మూలమును పట్టుకొనుట

ముఖము చంద్రబింబమువలె గుండ్రమగుట, పొట్ట పెరుగుచుండగా కాలుసేతులు సన్నబడుట, చిన్న తాకిడికే చర్మము కమలుట, కడుపుపై వెడల్పయిన ఊదారంగు చారలు పడుట, వీనికి రక్తపుపోటు, మధుమేహము తోడగుట: ఈ లక్షణముల కూటమికి కుషింగు సిండ్రోము అని పేరు. అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగు 1912లో ఇట్టి రోగి నొకరిని వర్ణించి, 1932లో ఈ వ్యాధిని గూర్చి విపులముగా వ్రాసెను.

కార్టిసాల్ అను హార్మోను మితిమీరుటయే దీనికి కారణము. మూత్రపిండములపై నుండు ఎడ్రినల్ గ్రంథులు దానిని తయారుచేయును. మెదడు క్రింద సెనగగింజంత పరిమాణముననున్న పిట్యూటరీ గ్రంథి ఏ.సి.టి.హెచ్. అను హార్మోనును రక్తములోనికి విడిచి, వానిచే పని చేయించును.

స్టెరాయిడు మందులు దీర్ఘకాలము వాడుటచేతనే ఈ లక్షణములు ఎక్కువమందికి కలుగును. అందుచేత వైద్యుని మొదటి ప్రశ్న మందులను గూర్చియే. అట్టి మందును వాడువారు వైద్యుని సలహా లేక హఠాత్తుగా మానరాదని కూడ మనవి చేయుచున్నాము.

మందులు కారణము కానిచో రక్తములో ఏ.సి.టి.హెచ్. ఎంత గలదో చూతురు. అది అణగియున్నచో దోషము ఎడ్రినల్ గ్రంథిదే. అణగక యున్నచో అసలు చిక్కు మొదలగును. అది పిట్యూటరీలోని చిన్న కంతి నుండి రావచ్చును. ఊపిరితిత్తులలోనో మరియొకచోటనో దాగిన కంతి నుండియు రావచ్చును. మొదటిదే తరచు. ఎం.ఆర్.ఐ. చిత్రము చాలదా యని మనకు తోచును. కాని పిట్యూటరీ కంతి కొన్ని మిల్లీమీటర్లే యుండుటచేత పలుమారులు కనబడదు. ఆరోగ్యవంతులలో సైతము ఇంచుమించు పదిమందిలో ఒకరికి అచట నిరపాయమైన మచ్చ కనబడును. చిత్రమునే నమ్మి కత్తి పట్టినచో, నిర్దోషమైన గ్రంథిని కోసి, దోషిని విడిచినట్లగును.

పొలములోనికి బురదనీరు వచ్చినపుడు, అది ఏ పాయ నుండి వచ్చినదో గట్టున నిలిచి చెప్పజాలము. పాయ మొగకు పోయి నీరు ముంచి చూడవలెను. వైద్యులు చేయునదియు నదియే. పిట్యూటరీ నుండి వెడలు రక్తము కపాలము అడుగున కుడియెడమల నున్న రెండు సిరామార్గములలోనికి దిగును. వీనిని అధో పెట్రోసల్ సైనసు లందురు. ఇవి ముక్కునకు సంబంధించిన సైనసులు గావు. గజ్జల యొద్ద సిరలలో సన్నని గొట్టములను చొప్పించి, ఎక్స్‌రే తెరపై చూచుచు, గుండె మీదుగా, కంఠసిరల మీదుగా అచటికి నడుపుదురు. రెండు సైనసుల నుండియు, దూరముననున్న మరియొక సిర నుండియు ఒకే సమయమున రక్తము తీయుదురు. పిమ్మట పిట్యూటరీని ప్రేరేపించు సి.ఆర్.హెచ్. గాని, డెస్మోప్రెసిన్ గాని యిచ్చి, కొద్ది నిమిషముల కొకసారి మరల తీయుదురు. హార్మోను చెడకుండ నమూనాలను మంచులో నుంచుదురు.

సైనసులోని ఏ.సి.టి.హెచ్. దూరపు సిరలోని దానికంటె ప్రేరణకు ముందు 2 రెట్లు గాని, పిమ్మట 3 రెట్లు గాని, అంతకు మించి గాని యున్నచో మూలము పిట్యూటరీ. ఆ భేదము లేనిచో వేరొకచోట వెదకవలెను. 1991లో ఓల్డ్‌ఫీల్డు బృందము 281 మంది రోగుల ఫలితములను ప్రకటించెను. పిట్యూటరీ వ్యాధి నిశ్చయమైన 215 మందిలో 205 మందిని ప్రేరణకు ముందరి లెక్కయే గుర్తించెను.

ఈ పరీక్షకు హద్దులు గలవు. వ్యాధి ఉన్నదా లేదా యని ఇది చెప్పదు. ఉన్నదని తేలి, కార్టిసాల్ హెచ్చియున్న సమయముననే చేయవలెను. కంతి గ్రంథిలో ఏ ప్రక్కనున్నదో చెప్పుటలో తరచు పొరబడును. అరుదుగా రక్తము గడ్డకట్టుట, పక్షవాతము వంటి ప్రమాదములు గలవు. కావున అనుభవజ్ఞుల చేతనే చేయింపవలెను.

మూలము పిట్యూటరీయని తేలినచో ముక్కు మార్గమున ఆ కంతిని మాత్రము తీసివేయ వీలగును. ఎడ్రినల్ గ్రంథులు రెంటిని తొలగించినచో రోగి జీవితాంతము మందుపై ఆధారపడవలెను. మూలము నెఱిగి చికిత్స చేయుటచే అనేకులకు ఆ యవస్థ తప్పుచున్నది.