చిప్ మార్చినా మళ్లీ ఎందుకు కాలుతోంది?

ఫ్యాక్టరీ యంత్రాల మధ్య, సోలార్ ఇన్వర్టర్ల దగ్గర, కరెంటు మీటర్ల వెనక మెలితిప్పిన రెండు సన్నని తీగలు కనిపిస్తుంటాయి. ఒక పెట్టెలోని లెక్కల్ని ఇంకో పెట్టెకు చేరవేసే తీగలవి. చాలాచోట్ల ఆ సంభాషణ 1983లో వెలువడిన ఆర్‌ఎస్‌-485 ప్రమాణం ప్రకారం నడుస్తుంది. లైను మూగబోతే బోర్డు మీది ట్రాన్స్‌మీటర్, రిసీవర్ కలిసున్న చిప్‌ను ఊడదీసి కొత్తది అతికించడం ఆనవాయితీ. ఎనిమిది కాళ్ల చిన్న చిప్, ఖరీదు తక్కువ, పని నిమిషాల్లో అయిపోతుంది. లైను మళ్లీ పలుకుతుంది కూడా. కొన్నాళ్లకు, ముఖ్యంగా ఉరుముల వాన పడిన మర్నాడు, అదే చోట కొత్త చిప్ కూడా పోయి ఉంటుంది. ఫ్యూజు ఎందుకు పోతోందో చూడకుండా తీగ చుట్టుకుంటూ పోవడానికీ దీనికీ తేడా లేదు. కాలిన చిప్ దాదాపు ఎప్పుడూ బయటి తప్పుకు బలైనదే. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకుంటేనే మరమ్మతు అయినట్టు.

ఈ పద్ధతిలో ఒక తీగలో వోల్టేజీ పెరిగినప్పుడు రెండో తీగలో తగ్గుతుంది. అవతలి రిసీవర్ చూసేది ఆ రెండింటి మధ్య తేడాని మాత్రమే. పక్కన మోటారు తిరిగితే పుట్టే గోల రెండు తీగల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెదరదు. ట్రాన్స్‌మీటర్ నిండు లోడు మీద కనీసం 1.5 వోల్టుల తేడా పుట్టించాలి, రిసీవర్‌కు 0.2 వోల్టు చాలు. ఆ వెసులుబాటు ఉండబట్టే, వేగం తగ్గించుకుంటే 1200 మీటర్ల దాకా కబురు వెళ్తుంది. ఒక అపోహ కూడా ఇక్కడే పుట్టింది: చూసేది తేడానే అయినప్పుడు గ్రౌండ్ తీగ దేనికని. త్రాసును పైకెత్తినా కిందికి దించినా ముల్లు కదలదు, నిజమే. కానీ మరీ పైకెత్తితే దూలానికి కొట్టుకుంటుంది. ఈ చిప్‌కు ఆ దూలం తన గ్రౌండ్‌తో పోల్చితే +12 వోల్టులు, నేల -7 వోల్టులు. రెండు భవనాల ఎర్తుల మధ్య తేడా, పెద్ద మోటార్ల ధాటికో దగ్గర్లో పడిన పిడుగుకో, ఈ హద్దును సులువుగా దాటేస్తుంది.

‘మా లైను రెండు తీగలతోనే ఏళ్లుగా నడుస్తోంది’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల గ్రౌండ్లు పవర్ సప్లైల ద్వారానో ఎర్తింగ్ ద్వారానో చాటుగా కలిసి ఉంటాయి. ఎవరూ వేయని ఆ దారి మీద ఎవరి అదుపూ ఉండదు. అందుకే గ్రౌండ్లను కలిపే మూడో తీగ వేయాలి. దాంట్లో అనవసరపు కరెంటు పారకుండా సుమారు 100 ఓంల రెసిస్టర్ వరుసలో పెట్టడం మంచి అలవాటు.

తప్పు కేబుల్‌లోనే కాదు, బోర్డు డిజైన్‌లోనూ దాగి ఉంటుంది. లైను మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. ఎవరి వంతో చెప్పేది ట్రాన్స్‌మీటర్‌ను ఆన్ చేసే పిన్ను. కరెంటు వచ్చిన మొదటి క్షణాల్లో మైక్రోకంట్రోలర్ ఇంకా మేలుకోకపోతే ఆ పిన్ను గాలిలో ఉన్నట్టే, అన్ని బోర్డులూ ఒకేసారి గొంతెత్తవచ్చు. ఒకటి పైకి లాగితే ఇంకొకటి కిందికి లాగుతుంది, చిప్ వేడెక్కుతుంది. చాలా చిప్‌లు అలాంటప్పుడు తమంతట తామే ఆగి, చల్లారాక మళ్లీ మొదలెడతాయి. దీన్నే లూజ్ కాంటాక్ట్ అనుకుని కనెక్టర్లు బిగిస్తూ కూర్చునేవాళ్లు ఎందరో! పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక 10 కిలో ఓంల రెసిస్టర్ పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. అతి జాగ్రత్త కూడా ఇలాగే చేటు చేస్తుంది. లైను రెండు కొసల్లో మాత్రమే ఉండాల్సిన 120 ఓంల రెసిస్టర్‌ను ప్రతి బోర్డు మీదా పెడితే, పది బోర్డులయ్యేసరికి ట్రాన్స్‌మీటర్ 12 ఓంల భారం మోయాలి.

అందుకే సోల్డరింగ్ ఐరన్ కంటే ముందు మల్టీమీటర్ చేతికి రావాలి. పరికరాలన్నిటికీ కరెంటు తీసి రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓంలకు దగ్గరగా చూపాలి. 120 అయితే ఒక కొసన రెసిస్టర్ లేదు, 40 అయితే ఒకటి ఎక్కువ ఉంది. రెసిస్టర్ లేనంత మాత్రాన చిప్ కాలదు, సిగ్నల్ కొసన తగిలి వెనక్కొచ్చి కబురు పాడవుతుందంతే. తర్వాత ఒక్కో బోర్డునూ లైను నుంచి విడదీసి ఒక్కో తీగకూ గ్రౌండ్‌కూ మధ్య కొలిచి పోల్చితే, లోపల దెబ్బతిన్న చిప్ మిగతావాటికంటే బాగా తక్కువ విలువతో చాలాసార్లు దొరికిపోతుంది.

మార్కెట్లో నకిలీ చిప్‌లున్నాయి కదా, తప్పు వాటిదెందుకు కాకూడదన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు చిప్‌లు ఎక్కడ పోతున్నాయో చూస్తే దొరుకుతుంది. సరుకే నాసిరకమైతే బల్ల మీద అడుగు పొడవు తీగతో పరీక్షించే బోర్డుల్లోనూ అవి పోతుంటాయి. పొడవాటి కేబుల్ కొసన, వేరే భవనంలో, ఆరుబయట ఉన్నవే వరుసగా పోతుంటే అనుమానించాల్సింది లైనునే. అక్కడ ఐసొలేటర్ పెట్టడం ఖర్చుకు తగిన పని. బోర్డుకూ లైనుకూ మధ్య విద్యుత్ బంధం తెంచి, సిగ్నల్‌ను మాత్రమే దాటిస్తుందది. అయితే ఐసొలేటర్‌కు లైను వైపున్న గ్రౌండ్లను ఒకదానితో ఒకటి కలపకుండా వదిలేస్తే, మూడో తీగ లేని పాత కథే ఆ పక్కన మళ్లీ మొదలవుతుంది.