వేలిముద్రల బీరువా

పోలీసు కొలువులో తల నెరసినవారి అనుభవములనగానే మనకు స్ఫురించేవి వెంటాడుటలు, కాల్పులు, మారువేషములు. పదవీ విరమణ చేసిన అధికారులు వ్రాసుకొన్న స్వీయచరిత్రలలో కూడ ఎక్కువ పుటలు వీటికే చెల్లినవి. వినేవారి కుతూహలము అటువంటిది కనుక వారిని తప్పు పట్టనక్కరలేదు. అయితే ప్రపంచమందలి పోలీసు శాఖల పనితీరును మార్చివేసిన ఒక కార్యము తుపాకి పట్టినవారి వలన జరుగలేదు. కలకత్తా కచేరీలో ఒక బీరువా ముందు కూర్చుండి, కాగితముల మీది గీతలను లెక్కించిన ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల వలన జరిగినది. వారు ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. వారు చేసిన పని నేటికిని వారి పై అధికారి పేరనే చెలామణి అవుతున్నది. ఆ పని ఎట్టిదో, ఆ పేరు అట్లు ఎందుకు నిలిచినదో ఇక్కడ వివరింప దలచినాము.

మన పల్లెలలో చదువు రానివానిని వేలిముద్రగాడనుట వాడుక. నిశానీ అన్నా అదే అర్థము. ప్రామిసరీ నోటు క్రింద బొటనవ్రేలు అద్దినవాడు చిన్నతనముగా తలవంచుకొనుటయు, సంతకము చేసినవాడు కలము జేబులో పెట్టుకొని ఠీవిగా లేచుటయు మనము చూచినదే. కాని రిజిస్ట్రారు కచేరీకి వెళ్ళినచో ఎంత చదివినవాడైనను సిరా పూసిన వ్రేలు పుస్తకములో అద్దక తప్పదు. సంతకమును మరొకడు అనుకరింపవచ్చును, వ్రేలి మీది గీతలను అనుకరింపలేడు. ఈ సంగతిని పరిపాలనలో ప్రవేశపెట్టిన ప్రయత్నములలో తొలి వరుసలోనిది మన దేశములోనే జరిగినది. 1858లో వంగదేశములోని జంగీపూరులో విలియం హెర్షెల్ అను దొర, రోడ్డు పనికి సామగ్రి సరఫరా చేయుటకు ఒప్పుకొన్న రాజ్యధర్ కొనాయి అనే కంట్రాక్టరు చేత ఒప్పందపు కాగితము వెనుక అరచేతి ముద్ర వేయించినాడు. రేపు ఇతడు నా సంతకము కాదనకుండ భయపెట్టుటయే అప్పటి ఉద్దేశము. తరువాత 1877లో హుగ్లీ జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛనుదారులకు, దస్తావేజులకు, ఖైదీలకు వేలిముద్రలను ఆయన వాడుకలోనికి తెచ్చినాడు. చనిపోయినవారి పేర పింఛను పుచ్చుకొనే మోసము ఆ రోజులలో కూడ ఉండేది మరి.

పోలీసుల చిక్కు ఇంకొక తీరుది. పాత నేరస్థుడు పేరు మార్చుకొని, ఊరు మార్చుకొని పట్టుబడితే ఇతడు ఫలానావాడని తేల్చుట ఎట్లు? ఫ్రాన్సు దేశములో బెర్తిలాన్ అను పోలీసు ఉద్యోగి దీనికొక ఉపాయము పన్నినాడు. తల పొడవు, తల వెడల్పు, మోచేతి నుండి వ్రేలి కొన వరకు గల నిడివి, ఇట్లు శరీరమును పలుచోట్ల కొలిచి ఆ కొలతలను పదిలపరచుట. 1883 నాటికి పారిసులో అది అమలులోనికి వచ్చినది. వంగదేశపు పోలీసులును దానినే స్వీకరించినారు. కాని కొలిచే జమేదారు ఒకనాడు బిగించి కొలుచును, మరొకనాడు వదులుగా కొలుచును. ఎదిగే కుర్రవాని కొలతలు రెండేండ్లలో మారిపోవును. వ్రేలి గీతలకు ఈ బాధ లేదు. తల్లి కడుపులో ఏర్పడినవి చచ్చువరకు క్రమము తప్పవు. పైచర్మము కొద్దిగా తెగినను, కాలినను తిరిగి అదే రూపున మొలుచును. సున్నము, సిమెంటు కలిపే కూలీలకు, గిన్నెలు తోమి తోమి అలసిన చేతులకు మాత్రము అవి అరిగి అస్పష్టమగును. చౌకధరల దుకాణములో యంత్రము మీద వ్రేలు పెట్టి, అది గుర్తింపక, బియ్యము కొరకు మరల మరల తిరిగిన ముసలివారి అవస్థ తెలుగు జిల్లాలలో ఎరుగనివారు లేరు. ఒళ్ళు వంచి పనిచేసినవానినే యంత్రము అనుమానించుట ఎంత విపరీతము!

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో వేలిముద్రల మీద గ్రంథము ప్రకటించి, అవి మారవనియు, ఒకరివి మరొకరికి ఉండవనియు శాస్త్రీయముగా నిరూపింప పూనుకొన్నాడు. అయినను పోలీసు కచేరీకి అది చాలలేదు. చేతిలో ఉన్న ముద్ర మన వద్ద నున్న పదివేల చీటీలలో ఎక్కడ ఉన్నదో వెదకుట ఎట్లు? అకారాది క్రమము లేని నిఘంటువులో ఒక మాటను వెదకుట వంటిది ఈ పని. గాల్టన్ చేసిన విభజన చిన్న సంఖ్యలకు సరిపోవును, పెద్ద సంఖ్యలకు తట్టుకొనలేదు. అర్జెంటీనా దేశములో వుసెటిచ్ అనే పోలీసు ఉద్యోగి ఇదే చిక్కును తనదైన పద్ధతిలో విడదీసినాడు. 1892లోనే ఒక హత్య కేసులో వేలిముద్ర ఆధారముగా దోషిని పట్టిన ఖ్యాతి ఆ దేశమునకు దక్కినది.

వంగదేశమున 1891 నుండి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నవాడు ఎడ్వర్డు హెన్రీ. గాల్టన్‌తో ఉత్తరములు నడిపి, లండనులో ఆయన ప్రయోగశాలను దర్శించి వచ్చినవాడు. ఈ పనికి లెక్కలలో దిట్ట యైనవాడు కావలెనని ప్రెసిడెన్సీ కళాశాలను అడుగగా, వారు పంపిన విద్యార్థి అజీజుల్ హక్. 1872లో ఖుల్నా ప్రాంతములో పుట్టినవాడు. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో ఉన్నది. హెన్రీ అతనిని సబ్ ఇన్‌స్పెక్టరుగా చేర్చుకొన్నాడు. కొంతకాలమునకు హేమచంద్ర బోసు వచ్చి కలిసినాడు. 1896 ప్రారంభము నుండి వంగదేశములో ఖైదీల కొలతలతో పాటు పది వ్రేళ్ళ ముద్రలును తీయవలెనని ఉత్తరువు వెలువడినది. జిల్లాల నుండి చీటీలు గుట్టలుగా వచ్చి పడినవి. ఇక వాటిని సర్దుట ఎట్లు?

పాఠకులు ఒక్క నిమిషము తమ చేతులను వెలుతురులో పరికింపుడు. సాముద్రికులు వ్రేళ్ళ మీద శంఖచక్రములు లెక్కించుట మనకు క్రొత్త కాదు. పోలీసుల లెక్కయు అక్కడనే మొదలగును, ఫలితము మాత్రము వేరు. గీతలు సుడి తిరిగి ఉన్నచో అది చక్రము. ఒక ప్రక్క నుండి వచ్చి వంగి మరల అదే ప్రక్కకు పోయినచో అది ఉచ్చు. ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు తోరణము వలె లేచి దిగినచో అది విల్లు. నూటికి 60కి పైగా వ్రేళ్ళకు ఉచ్చులే ఉండును, తరువాత చక్రములు, విల్లులు బహు తక్కువ.

కుడి బొటనవ్రేలు మొదలు కుడి చిటికెనవ్రేలి వరకు 1 నుండి 5, ఎడమ బొటనవ్రేలు మొదలు ఎడమ చిటికెనవ్రేలి వరకు 6 నుండి 10 అని సంఖ్యలు వేసుకొనవలెను. వీటిని వరుసగా రెండేసి చొప్పున జతచేసినచో ఐదు జతలగును. మొదటి జత విలువ 16, రెండవది 8, మూడవది 4, నాలుగవది 2, ఐదవది 1. అంటే రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ, అణా! 1957కు పూర్వపు నాణెముల లెక్క ఎరిగిన పెద్దలకు ఇది గుర్తుంచుకొనుట సులువు. వ్రేలి మీద చక్రము ఉన్నచో ఆ జత విలువ దానికి వచ్చును, ఉచ్చు గాని విల్లు గాని ఉన్నచో సున్న. సరిసంఖ్య వ్రేళ్ళకు వచ్చిన మొత్తమునకు ఒకటి కలిపి గీత పైన, బేసిసంఖ్య వ్రేళ్ళ మొత్తమునకు ఒకటి కలిపి గీత క్రింద వ్రాయవలెను. ఒకనికి కుడి బొటనవ్రేలి మీదను, ఎడమ ఉంగరపు వ్రేలి మీదను మాత్రమే చక్రములున్నవనుకొందము. అవి 1, 9 సంఖ్యలవి, రెండును బేసివే. 16, 1 కలిసి 17, ఒకటి కలిపిన 18. పైన ఏమియు లేదు గనుక ఒకటి. అతని చీటీ పైన 1, క్రింద 18 గల అరలోనికి పోవును. చక్రములే లేనివానికి పైన ఒకటి, క్రింద ఒకటి. పదియు చక్రములైనవానికి పైన 32, క్రింద 32.

ఇట్లు 32 నిలువు వరుసలు, 32 అడ్డు వరుసలు, మొత్తము 1024 అరలు గల బీరువా సిద్ధమైనది. చీటీ ఏ అరలోనిదో తెలిసిన పిమ్మట వెదకవలసినది ఆ ఒక్క అరలోనే. చక్రములు లేనివారి అర త్వరగా నిండిపోవుట నిజమే, దానిని గీతల సంఖ్యను బట్టి మరల చిన్న భాగములుగా విభజించినారు. పేరు అడుగనక్కరలేదు, ఊరు అడుగనక్కరలేదు, ముఖము చూడనక్కరలేదు. ఈ అరల గణితము హక్ రూపొందించినదని పరిశోధకుల అభిప్రాయము.

1897 మార్చిలో సర్వేయర్ జనరల్ స్ట్రాహన్, ప్రెసిడెన్సీ కళాశాల ప్రధానాచార్యుడు పెడ్లర్ కూడిన సంఘము వచ్చి ఈ ఏర్పాటును పరీక్షించి, శరీరపు కొలతల కన్న ఇదే మేలని నివేదించినది. ఆ ఏడు జూన్ 12న గవర్నర్ జనరల్ ఆమోదము లభించినది. ప్రపంచములో తొలి వేలిముద్రల కార్యాలయము కలకత్తాలో ఈ విధముగా వెలసినది.

న్యాయస్థానము పరీక్ష ఇంకను మిగిలి ఉన్నది. జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు తన గదిలో గొంతు కోయబడి చనిపోయి కనిపించినాడు. సొమ్ము పోయినది. అక్కడ పడియున్న బెంగాలీ పంచాంగము అట్ట మీద రెండు గోధుమవన్నె మరకలు ఉన్నవి. వాటిలో ఒకటి బీరువాలోని ఒక చీటీతో సరిపోయినది. అది ఆ మేనేజరు వద్దనే లోగడ పనిచేసి, దొంగతనమునకు శిక్ష అనుభవించి విడుదలైనవాని కుడి బొటనవ్రేలు. 1898లో విచారణ జరిగినది. న్యాయస్థానము అతనిని దొంగతనమునకు శిక్షించినది గాని హత్యానేరమునకు శిక్షింపలేదు. చంపుట చూచినవారు లేరు, ముద్ర అతడు అక్కడికి వచ్చినాడని మాత్రమే చెప్పును. మా దృష్టిలో ఆ తీర్పులోని ఈ జాగ్రత్త ఆ కేసుకంతటికిని వన్నె తెచ్చినది. వేలిముద్ర ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగవలెనో తొలినాడే తెలిసికొన్నారు. 2004లో మాడ్రిడ్ రైలు ప్రేలుళ్ళ కేసులో అస్పష్టమైన ముద్ర ఒకటి చూచి అమెరికా నిపుణులు సంబంధము లేని ఒక న్యాయవాదిని నిర్బంధింపజేసి, పిమ్మట క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది. బీరువా అబద్ధమాడదు, చూచే కన్ను పొరపడవచ్చును. మన దేశములో 1899లో సాక్ష్య చట్టమును సవరించి వేలిముద్రల నిపుణుని అభిప్రాయమునకు చోటు కల్పించినారు.

హెన్రీ 1900లో ఈ పద్ధతిపై గ్రంథము ప్రకటించినాడు. 1901లో లండను స్కాట్లండ్ యార్డులో ఉన్నత పదవి పొంది, అక్కడను వేలిముద్రల కార్యాలయమును స్థాపించి, 1903లో కమిషనరైనాడు. పద్ధతికి హెన్రీ పద్ధతి యను పేరు స్థిరపడినది. హక్, బోసు ఇక్కడనే ఉండిపోయినారు.

వారు ఉద్యోగము చేస్తున్న ఆ సంవత్సరములలోనే ఈ విద్య మరొక దారి కూడ పట్టినది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము మద్రాసు రాజధానికిని వర్తించినది. దాని ప్రకారము ప్రభుత్వము నేరస్థులని ప్రకటించిన కులములలో జాబితా కెక్కినవాడు ఏ నేరము చేయకున్నను అధికారి అడిగినప్పుడు వేలిముద్ర లీయవలెను. గుంటూరు సీమలోని స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకలవారు మున్నగువారు ఈ నిర్బంధము క్రింద తరములు గడిపినారు. మద్రాసు రాష్ట్రములో 1947లో, దేశమంతట 1952లో ఆ చట్టము రద్దైనది. మనిషిని అతని చేతలను బట్టి గుర్తించుటకు పుట్టిన సాధనమును అతని పుట్టుకను బట్టి ముద్ర వేయుటకు వాడినారు. ఇది ఆ ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల దోషము కాదు, అయినను బీరువా కథ చెప్పి దీనిని దాచిపెట్టుట న్యాయము కాదు.

బీహారు వేరైనప్పుడు హక్ ఆ రాష్ట్రపు పోలీసులో చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, మోతీహారీలో స్థిరపడినాడు. ఖాన్ బహాదూర్ బిరుదము వచ్చినది. బోసు కలకత్తాలోనే వేలిముద్రల పనిలో పండిపోయి రాయ్ బహాదూర్ అయినాడు. ఇద్దరికిని తలకు 5000 రూపాయల పారితోషికము ముట్టినది. హెన్రీ తన క్రింది ఉద్యోగుల కీర్తిని అపహరించినాడని కొందరు నిష్ఠురముగా అందురు. మాకు అంత సులభముగా తోచదు. జిల్లాలన్నింటి నుండి ముద్రలు తెప్పించుటకు, ప్రభుత్వమును ఒప్పించుటకు ఆయన అధికారము లేనిదే ఈ పని సాగెడిది కాదు. అయినను పేరు పంచుకొనుటకు గ్రంథమే తగిన చోటు, 1900 సంవత్సరమే తగిన సమయము. 1926లో, తానును విశ్రాంతిలో ఉన్న దినములలో, హక్ తన సిబ్బందిలో అందరికన్న ఎక్కువగా ఈ పద్ధతికి తోడ్పడినాడని హెన్రీ వ్రాతమూలకముగా ఒప్పుకొన్నాడు. అప్పటికి పద్ధతి పేరు ప్రపంచమంతట పాకిపోయినది. హక్ 1935లో మోతీహారీలోనే కన్నుమూసినాడు. బ్రిటనులోని వేలిముద్రల నిపుణుల సంఘము ఇటీవలి కాలములో ఈ ఇద్దరి పేర ఒక పురస్కారమును నెలకొల్పినది.

బోసు సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. ముద్ర ఉన్న కాగితము టపాలో ఒక ఊరి నుండి మరొక ఊరికి చేరేసరికి పట్టుబడినవాడు జామీను మీద వెళ్ళిపోయెడివాడు. అందుకని ముద్రలోని లక్షణములను మాటలుగా మార్చి తంతి ద్వారా పంపుటకు ఆయన ఒక సంకేతభాషను కల్పించి 1916లో పుస్తకముగా అచ్చువేయించినాడు. 2022లో మన దేశములో ప్రారంభమైన జాతీయ వేలిముద్రల యంత్రాంగము ప్రతి నిందితునికి పదంకెల సంఖ్య నొసగి, ఒక రాష్ట్రపు ముద్రను మరొక రాష్ట్రపు ముద్రలతో క్షణములలో పోల్చుచున్నది. బోసు పంపినది తంతి తీగెల మీద, చుక్కలు గీతల రూపమున.