ఆ పూలు పూయించిన చేతులెవరివి?

ఇంగ్లండు జమీందార్ల తోటల్లో గుత్తులు గుత్తులుగా పూసే రోడోడెండ్రాన్ పొదల గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. వాటిలో మేలురకాలు చాలా హిమాలయాల నుంచి పోయినవే. వాటిని కొండలు దించిందెవరు? పెంచిందెవరు?

జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1848 అక్టోబరులో డార్జిలింగు నుంచి తూర్పు నేపాలుకు బయల్దేరాడు. బృందం మొత్తం 56 మంది. గుడారాలు, తిండిగింజలు, కాగితాల కట్టలు మోసింది కూలీలు. మొక్కలు ఏరి ఆరబెట్టింది లెప్చా కుర్రాళ్లు. విత్తనాలు లండన్ దగ్గరి క్యూ తోటకు చేరాయి. పేరు మాత్రం హుకర్‌ది. 1849లో హుకర్‌నూ, డార్జిలింగు అధికారి క్యాంప్‌బెల్‌నూ సిక్కిం దర్బారు నిర్బంధించింది. అదే సాకుగా 1850లో బ్రిటిషువాళ్లు సిక్కిం భూమి కొంత కలిపేసుకున్నారు.

ఇక పెంపకం సంగతి. గింజ దుమ్ములా సన్నం. తడినాచు మీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. చల్లని గాలి, చెమ్మ, ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. సున్నం తగిలితే ఆకు పసుపుబారుతుంది. వేళ్లు పైపైనే అల్లుకుంటాయి కనుక మొదట్లో పార పెట్టి తవ్వరాదు, కలుపు చేత్తోనే పీకాలి. ఏటా కుళ్లిన ఆకు పరచాలి. వాడిన గుత్తుల్ని గింజ కట్టకముందే ఒక్కొక్కటిగా తుంచాలి. కొన్ని రకాలు పూత పట్టేసరికి పది పదిహేనేళ్లు! ఇన్నేళ్ల పని దొర చేశాడా?

కార్నవాల్ ప్రాంతంలో ట్రెమేన్ వంశపు హెలిగన్ తోట ఉంది. హుకర్ విత్తనాల నుంచి పెరిగిన రోడోడెండ్రాన్‌లు అక్కడున్నాయి. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన నెలలోనే, తోటపనివాళ్లు తమ మరుగుదొడ్డి గోడ మీద పెన్సిలుతో పేర్లు రాసుకున్నారు. వాళ్లలో కొందరు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. భూమి ఉంది, వాన ఉంది, యజమాని ఉన్నాడు. పని ఆగింది. క్రమంగా ముళ్లకంప తోటను మింగేసింది. 1990 తర్వాత మళ్లీ మనుషులు దిగి కంప కొడితేగానీ తోట బయటపడలేదు. ఆ పేర్లూ అప్పుడే వెలుగు చూశాయి.

తోట విలువ ఎక్కడుందో ఇంతకంటే రుజువు ఏం కావాలి? కలుపు తీసే చెయ్యికి నైపుణ్యం లేదనే మాట అబద్ధం. వేరు తెగకుండా పీకటం, మొగ్గ విరక్కుండా తుంచటం నేర్చిన పనే. మన కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లదీ, సంచుల్లో మట్టి నింపేవాళ్లదీ అదే పని. మొక్క ఖరీదు చెప్పేటప్పుడు దాన్ని బతికించిన కూలిని కూడా లెక్కలోకి తేవాలి. ఆ లెక్క అడగవలసింది మనమే, సంఘంగా కూడి!